తూము షట్టర్ మెల్లగా లేపుతున్నా నీళ్ళు ఒక్కసారే దూకుతున్నాయి, బ్లెండర్ తెలిసినవాళ్ళు చూడండి

నీరటి మనవడు (హనుమకొండ)

నమస్తే అందరికీ. హనుమకొండలో చిన్న స్టూడియో నడుపుతాను. పెళ్ళి వీడియోలే బతుకుదెరువు, బ్లెండర్ (3డీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్) మాత్రం రాత్రిపూట సొంతంగా నేర్చుకున్నది. వెర్షన్ 4.2.

మా తాత నర్సంపేట దగ్గర మా ఊరి చెరువుకు నీరటి. ఈ కాలం పిల్లలకు ఆ మాటే తెలియదు కాబట్టి చెబుతున్నా: తూము తెరవడం, మూయడం, ఆయకట్టులో వంతు ప్రకారం ఎవరి మడికి ఎంత నీరు పోవాలో చూడడం నీరటి పని. ఊరి బడి సారు ఒకరోజు స్టూడియోకు వచ్చి, పిల్లలకు చూపించడానికి దాని మీద ఒక చిన్న వీడియో చేసి పెట్టమన్నారు. డబ్బులు లేవు, చాయ్ మాత్రం తాగిస్తానన్నారు. తాత పని కదా, ఒప్పుకున్నాను.

సీను ఇది. చెరువు కట్టను అడ్డంగా కోసినట్టు పక్క నుంచి చూపిస్తాను. ఎడమ పక్క చెరువు, మధ్యలో తూము, కుడి పక్క కాలువ. షట్టర్ మెల్లగా లేస్తుంటే నీళ్ళు మొదట సన్నగా, నెమ్మదిగా జారాలి. తరువాత జోరు పెరగాలి. చివర్లో షట్టర్ దిగి నీళ్ళు ఆగాలి. సెకనుకు 24 ఫ్రేములు, మొత్తం 480.

ముందు తూము నోటి దగ్గర ఒక ఇన్‌ఫ్లో డబ్బా (నీళ్ళు పుట్టించేది) పెట్టి, 60వ ఫ్రేము దగ్గర నీళ్ళు వదిలే యూజ్ ఫ్లో టిక్‌కు కీఫ్రేమ్ (ఫలానా ఫ్రేములో విలువ ఇంత అని పెట్టే గుర్తు) ఇచ్చాను. 59 దాకా చుక్క లేదు, 60లో నల్లా పగిలినట్టు మొత్తం వచ్చి పడింది. గ్రాఫ్ ఎడిటర్‌లో గీతను వంచుదామని చూశాను, అది వంగదు, మెట్టులాగే ఉంటుంది.

సరే, అసలు షట్టరే పెడదామని పలక ఒకటి చేసి ఎఫెక్టర్ (నీళ్ళకు అడ్డుపడే వస్తువు) చేశాను. చెరువులో నీళ్ళను జామెట్రీగా (మొదట్లో ఒక్కసారే వచ్చేలా) నింపాను. ఇప్పుడు షట్టర్ మూసి ఉండగానే అటు పక్కకు నీళ్ళు కారిపోతున్నాయి. డొమైన్ (నీళ్ళ లెక్క జరిగే పెట్టె) పొడవు 12 మీటర్లు, రిజల్యూషన్ (ఆ పొడవును ఎన్ని గడులు చేయాలో) 96, షట్టర్ మందం 8 సెంటీమీటర్లు. పైగా కీఫ్రేములు ఎంత మార్చినా ఒక్కోసారి నీళ్ళలో ఏ మార్పూ కనిపించదు, పాత కదలికే మళ్ళీ వస్తుంది.

ఇంకో డౌటు. తూము తీయగానే మొదట బురద నీళ్ళు వస్తాయి, తరువాత తేటపడతాయి. దానికి విస్కాసిటీని (చిక్కదనాన్ని) కాలంతో పాటు తగ్గించాలా?

నిన్న రాత్రి మూడు గంటలు బేక్ (నీళ్ళ కదలికను లెక్క కట్టి డిస్కు మీద రాయడం) అయ్యాక కరెంటు పోయింది. కొత్తగా అప్పు చేసి కొన్న గ్రాఫిక్స్ కార్డు వల్ల బేక్‌లో ఒక్క నిమిషం కూడా మిగలలేదు. చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరైనా దారి చెప్పండి.

రెండరింగ్ రాత్రులు (కరీంనగర్)

అన్నా, ముందు చిన్నవి చెప్పేస్తాను, షట్టర్ సంగతి నాకంటే తెలిసినవాళ్ళు చెబుతారు.

కీఫ్రేములు మార్చినా పాత కదలికే వస్తోందంటే నువ్వు చూస్తున్నది క్యాష్‌ను. బేక్ అయిపోయిన నీళ్ళు డిస్కు మీద రాసిపెట్టిన లెక్క, కొత్త కీఫ్రేము సంగతి దానికి తెలియదు. ఫ్రీ డేటా నొక్కి మళ్ళీ బేక్ చేయాల్సిందే. ఇంకో సంగతి, ఖానా రంగు గమనించు. ఆ ఫ్రేములో కీ ఉంటే పసుపు, వేరే ఫ్రేముల్లో కీ ఉంటే ఆకుపచ్చ, విలువ మార్చి కీ కొట్టడం మరిచిపోతే నారింజ. నారింజ రంగులో వదిలేసి ఫ్రేము మారిస్తే నువ్వు మార్చిన విలువ ఎగిరిపోతుంది. నేను రెండు రాత్రులు అలాగే పోగొట్టుకున్నాను.

టిక్ పెట్టే ఖానాలకు ఉన్నది అవును, కాదు మాత్రమే. సగం అవును అనేది లేదు కాబట్టి గ్రాఫ్ వంగదు. యూజ్ ఫ్లో ఉన్నది తెరవడానికి, మూయడానికే. మెల్లగా పెరగాలంటే అంకె ఉన్న ఖానా పట్టుకోవాలి. ఇనిషియల్ వెలాసిటీ (నీళ్ళు బయలుదేరే వేగం) అలాంటిదే, దానికి 60లో 0, 180లో 6 ఇచ్చి చూడు.

గ్రాఫిక్స్ కార్డు గురించి బాధపడకు, రెండర్‌కు పనికొస్తుంది. బ్లెండర్‌లో నీళ్ళ లెక్క చేసే మాంటాఫ్లో ప్రాసెసర్ మీదే నడుస్తుంది, కార్డు జోలికి పోదు. 2.82లో వచ్చినప్పటి నుంచి అంతే.

కరెంటు పోయినా మిగలాలంటే క్యాష్ టైపును మాడ్యులర్ చేసి ఈజ్ రిజ్యూమబుల్ టిక్ పెట్టు. ఆగిన చోటి నుంచి మొదలవుతుంది. డిస్కు ఎక్కువ తింటుంది, తిననీ. అది పెట్టకపోతే మాడ్యులర్‌లో తరువాత మెష్ (కంటికి కనిపించే నీటి ఉపరితలం) బేక్ చేయడానికి కూడా కుదరదు. ఇంకా, ఫైలు సేవ్ చేయకుండా బేక్ మొదలుపెట్టకు. క్యాష్ టెంపరరీ ఫోల్డర్‌లోకి పోతుంది, తరువాత వెతుక్కుంటూ కూర్చోవాలి.

గడుల లెక్క (జమ్మికుంట)

కారడానికి కారణం మీ ప్రశ్నలోనే ఉంది. 12 మీటర్లను 96తో భాగిస్తే ఒక్కో గడి, అదే వోక్సెల్, 12.5 సెంటీమీటర్లు. మీ షట్టర్ 8. ఒక్క గడి కూడా నిండని గోడ మాంటాఫ్లోకు సరిగ్గా కనిపించదు. జల్లెడతో నీళ్ళు ఆపమన్నట్టే. గోడ కనీసం రెండు గడుల మందం ఉండాలని పెట్టుకోండి.

రిజల్యూషన్ పెంచితే పోతుందని అందరూ అక్కడికే పరిగెత్తుతారు. ఆగండి. గడి 4.2 సెంటీమీటర్లకు రావాలంటే మీ డొమైన్‌కు 288 పెట్టాలి. అది మూడు రెట్లు కాదు, పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటా మూడేసి రెట్లు, అంటే 27 రెట్లు గడులు. మీ మూడు గంటల బేక్ ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

డొమైన్‌నే కోయండి. కెమెరా చూసేది తూమును. చెరువు అంతటినీ లెక్క కట్టించడం ఎందుకు? తూముకు అటూ ఇటూ కలిపి 4 మీటర్లు ఉంచండి. అదే 96కు గడి 4.17 సెంటీమీటర్లు అవుతుంది, 8 సెంటీమీటర్ల షట్టర్ దాదాపు రెండు గడులు. దూరాన ఉన్న చెరువు నీళ్ళకు ఒక మామూలు పలక, దాని మీద అలల మెటీరియల్ చాలు. డొమైన్ సైజు మార్చాక స్కేల్ అప్లై చేయడం మరిచిపోకండి.

అయినా కారితే ఒక పాత ఉపాయం ఉంది. కనిపించే షట్టర్ పలచగానే ఉంచి, దాని వెనక 15 సెంటీమీటర్ల మందం డబ్బా ఒకటి పెట్టి, దాన్నే ఎఫెక్టర్ చేయండి. రెండర్‌లో దాన్ని దాచేయండి. షట్టర్‌కు పేరెంట్ చేస్తే రెండూ కలిసి లేస్తాయి. దొంగ షట్టర్ నీళ్ళు ఆపుతుంది, అసలు షట్టర్ అందంగా కనిపిస్తుంది.

డొమైన్ చిన్నదైతే రెండు కొత్త తిప్పలు వస్తాయి. కాలువ చివర నీళ్ళు గోడకు కొట్టుకుని వెనక్కి వస్తాయి. బార్డర్ కొలిజన్స్‌లో ఆ పక్క టిక్ తీసేస్తే బయటికి పోతాయి. రెండోది, మీ చిన్న చెరువు కొన్ని సెకన్లలోనే ఖాళీ అవుతుంది. జామెట్రీ ఒక్కసారే నింపి ఊరుకుంటుంది కదా. చెరువు వెనక భాగంలో ఒక ఇన్‌ఫ్లో డబ్బా పెట్టండి, దాని పై అంచు నీటి మట్టానికి సమానంగా. ఇనిషియల్ వెలాసిటీ ఇవ్వకండి. డబ్బాలో ఖాళీ అయిన చోటే నింపుతుంది కాబట్టి మట్టం నిలబడుతుంది.

బురదకు విస్కాసిటీ వద్దు. నీటి విస్కాసిటీ 0.000001 దగ్గర ఉంటే, తేనెది 0.002. అంటే రెండు వేల రెట్లు. ఒండ్రు కలిసిన కాలువ నీళ్ళు తేనెలాగా జారవు, నీళ్ళలాగే పారతాయి, రంగు మాత్రం మారుతుంది. కాబట్టి మెటీరియల్ రంగుకే కీఫ్రేములు కొట్టండి. లాభం ఏమిటంటే, మెటీరియల్ మార్పుకు మళ్ళీ బేక్ అక్కర్లేదు. పిల్లల బడి సారు వచ్చి "ఇంకొంచెం ఎర్రగా" అన్నా ఐదు నిమిషాల పని.

పాత ఏఈ (కాజీపేట)

బాబూ, మీ కంప్యూటర్ సంగతులు నాకు తెలియవు. మా అమ్మాయి ఫోన్‌లో ఈ చర్చ చూపిస్తే రాస్తున్నాను. ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా ముప్పై ఏళ్ళు చెరువుల కట్టల మీద తిరిగినవాణ్ణి, షట్టర్ అనే మాట చూసి ఆగలేకపోయాను.

మొదట నీళ్ళు నెమ్మదిగా జారాలి అన్నావు. కరీంనగర్ అబ్బాయి వేగాన్ని సున్నా నుంచి ఆరుకు పెంచమన్నాడు. రెండూ తప్పే. తూము నుంచి వచ్చే నీటి వేగం షట్టర్ ఎంత లేచిందన్న దాని మీద ఆధారపడదు. పైన ఎంత నీరు నిలిచి ఉందో దాని మీద ఆధారపడుతుంది. 1643లోనే టొరిచెల్లి చెప్పిన సూత్రం. తూము మీద నీటి ఎత్తును మీటర్లలో తీసుకుని 2తో, 9.81తో గుణించి వర్గమూలం కట్టు. రెండు మీటర్ల నీరు ఉంటే సెకనుకు 6.26 మీటర్లు వస్తుంది, అంటే సైకిల్‌ను ప్రాణం పెట్టి తొక్కినంత వేగం. ఒక మీటరు ఉంటే 4.43. అర మీటరు ఉంటే 3.13. ఎత్తు సగమైతే వేగం సగం కాదని గమనించు. లెక్కలో వచ్చిన దానికంటే నిజంగా కాస్త తక్కువే ఉంటుంది, రాపిడి పోతుంది కదా.

అంటే షట్టర్ రెండు వేళ్ళ మందం లేచినా నీళ్ళు అదే వేగంతో, పలచని పలకలాగా చిమ్ముతాయి. షట్టర్ లేచేకొద్దీ ఆ పలక మందమవుతుంది, పరిమాణం పెరుగుతుంది. పెరిగేది వేగం కాదు. నల్లా కింద వేలు అడ్డం పెట్టి చూడు, నీళ్ళు ఎంత దూరం కొడతాయో.

ఇక చెరువు మట్టం. నీ వీడియో ఇరవై సెకన్లు. ఇరవై సెకన్లలో ఏ ఊరి చెరువూ కంటికి కనిపించేంత తగ్గదు. కాబట్టి మట్టం నిలపమని జమ్మికుంట ఆయన చెప్పింది సరైనదే. ఒకవేళ బడి పిల్లలకు తొట్టి ఖాళీ అవడం చూపించాలంటే గుర్తుంచుకో, నిలువు గోడల తొట్టిలో కింది రంధ్రం నుంచి నీరు పోతుంటే వేగం కాలంతో పాటు తిన్నని గీతలా తగ్గుతుంది. గీత వంగదు.

మత్తడి (చెరువు నిండితే నీళ్ళు పొర్లిపోయే అలుగు) దుంకేది కూడా చూపిస్తావా? దాని లెక్క వేరు. మత్తడి మీద పారే నీటి లోతు రెట్టింపైతే నీరు రెట్టింపు కాదు, 2.8 రెట్లు పోతుంది. వానాకాలంలో "నిన్న జానెడే పారింది" అని మత్తడి దాటబోయి కొట్టుకుపోయేది అందుకే. ఆ సంగతి బడి పిల్లలకు తప్పకుండా చెప్పు.

రెండరింగ్ రాత్రులు (కరీంనగర్)

సార్, ఒప్పుకున్నాను. నేను చెప్పింది నల్లా తిప్పినట్టుంది, తూములా లేదు. అన్నా, ఇనిషియల్ వెలాసిటీ మాట వదిలెయ్. అయితే ఆయన తిన్నని గీత అన్నారు కదా, అలాంటి చోట కీఫ్రేములను ఎంచుకుని ఇంటర్‌పొలేషన్‌ను లీనియర్ చేయాలి. బ్లెండర్ అడగకుండానే బెజియర్ పెడుతుంది, మొదట, చివర మెత్తగా వంచేస్తుంది.

నీరటి మనవడు (హనుమకొండ)

ఏఈ సారుకు దండం. రాత్రి మా బాపుకు ఫోన్ చేసి అడిగాను, తాత తూము లేపేటప్పుడు నీళ్ళు ఎలా వచ్చేవని. "షట్టర్ కదిలిందో లేదో, కొరడా తీసి కొట్టినట్టు వచ్చేవి. ముందు నిలబడితే తాత చెంప పగలగొట్టేవాడు" అన్నాడు. నాకు ఆరేళ్ళున్నప్పుడు తాత పోయాడు. నేను ఊహించుకున్న నీళ్ళు వేరు, ఆయన చూసిన నీళ్ళు వేరు.

డొమైన్ 4 మీటర్లకు కోశాను, దొంగ షట్టర్ పెట్టాను. కారడం పోయింది! బేక్ యాభై నిమిషాల్లో అయింది. షట్టర్ అడుగు నుంచి నీళ్ళు పలకలాగా చిమ్ముతుంటే మా ఆవిడను లేపి చూపించాను. ఆమె చూసి పడుకుంది.

రెండు తిప్పలు మిగిలాయి. షట్టర్‌ను 60 సెంటీమీటర్లు లేపడానికి 240 ఫ్రేములు ఇచ్చాను. నీళ్ళు నున్నగా పెరగకుండా, ముప్పావు సెకనుకు ఒకసారి కుదుపుతో పెరుగుతున్నాయి. చివర్లో 6 ఫ్రేముల్లో షట్టర్ దింపాను. దింపగానే నీళ్ళు షట్టర్‌లోంచి పైకి చిమ్మి, కొన్ని చుక్కలు ఆకాశానికి పోతున్నాయి.

గడుల లెక్క (జమ్మికుంట)

రెండూ గడుల గొడవే.

240 ఫ్రేముల్లో 60 సెంటీమీటర్లు అంటే ఫ్రేముకు రెండున్నర మిల్లీమీటర్లు. గడి 41.7 మిల్లీమీటర్లు. షట్టర్ అంచు ఒక గడి దాటడానికి దాదాపు 17 ఫ్రేములు, అంటే 0.7 సెకను. అంచు గడి మధ్యలో ఉన్నంత సేపు సిమ్యులేషన్‌కు ఆ గడి మూసి ఉన్నట్టే లెక్క, దాటగానే ఒక్కసారి తెరుచుకుంటుంది. డొమైన్ సెట్టింగుల్లో ఫ్రాక్షనల్ అబ్‌స్టకిల్స్ టిక్ పెట్టండి. గడిలో కొంత భాగమే అడ్డం ఉందన్న సంగతిని అప్పుడు లెక్కలోకి తీసుకుంటుంది, కుదుపు చాలా వరకు తగ్గుతుంది. మొత్తం పోకపోతే రిజల్యూషన్ 128 చేయండి. 4 మీటర్ల డొమైన్‌కు అది భరించగలిగేదే.

మూసేటప్పుడు దానికి తిరగబడిన తిప్ప. 6 ఫ్రేముల్లో 60 అంటే ఫ్రేముకు 10 సెంటీమీటర్లు, అంటే ఒక్క ఫ్రేములో రెండు గడుల పైన దూకుతోంది. నిన్న నీళ్ళున్న చోట నేడు గోడ మొలిచింది, లోపల చిక్కిన నీళ్ళు ఎటు పోతాయి? పైకే. షట్టర్‌ను 30 ఫ్రేముల్లో దింపండి, ఫ్రేముకు 2 సెంటీమీటర్లు, అర గడి లోపే. అయినా చిమ్మితే ఎఫెక్టర్‌లో శాంప్లింగ్ సబ్‌స్టెప్స్ ఒకటో రెండో పెంచండి, డొమైన్‌లో టైమ్‌స్టెప్స్ మినిమమ్‌ను 1 నుంచి 2 చేయండి. బేక్ కొంచెం సాగుతుంది.

ఒకవేళ చిమ్మే క్షణాన్ని స్లో మోషన్‌లో చూపించాలనిపిస్తే టైమ్ స్కేల్‌కు కీఫ్రేములు ఇవ్వొచ్చు, 1 నుంచి 0.3కు. అప్పుడు షట్టర్ కదలికను మీరే అదే పాళ్ళలో సాగదీయాలి. టైమ్ స్కేల్ నీళ్ళనే నెమ్మది చేస్తుంది, మీ షట్టర్ దాని మాట వినదు.

పాత ఏఈ (కాజీపేట)

నువ్వు పెట్టిన ముక్క అమ్మాయి చూపించింది. నీళ్ళు బాగున్నాయి. కాని ఆరు ఫ్రేములంటే పావు సెకను అట కదా, స్క్రూ షట్టర్ పావు సెకనులో మూసుకోవడం నేను సర్వీసులో చూడలేదు. ఇంకొకటి, పైన చక్రం రెండే చుట్లు తిరిగింది, షట్టర్ రెండడుగులు లేచింది. చక్రం ఒక చుట్టు తిరిగితే స్క్రూ ఒక పట్టు మేరకే లేస్తుంది. పట్టు ఒక సెంటీమీటరు అనుకుంటే 60 సెంటీమీటర్లకు అరవై చుట్లు. మీ తాత ఉండి ఉంటే ఆయన చేతులే చెప్పేవి.

నీరటి మనవడు (హనుమకొండ)

ఫ్రాక్షనల్ అబ్‌స్టకిల్స్‌తో కుదుపు పోయింది. 30 ఫ్రేములు ఇచ్చాక చుక్కలు ఆకాశానికి పోవడం ఆగింది, షట్టర్ అడుగున మాత్రం కాస్త నురగ కడుతోంది. అది బాగానే ఉంది, ఉంచేస్తున్నాను.

సార్, చక్రం సంగతి మీరు చెప్పాకే వెలిగింది. తిప్పే షాట్‌ను దగ్గర నుంచి వేరుగా తీసి, మూడు చుట్లు చూపించి కట్ చేస్తున్నాను. తరువాత షట్టర్ సగం లేచి ఉన్న చోట సిమ్యులేషన్ మొదలవుతుంది. అరవై చుట్లూ చూపిస్తే బడి పిల్లలు నిద్రపోతారు. మత్తడికి ఇన్‌ఫ్లో డబ్బా ఎత్తుకు కీఫ్రేములు ఇచ్చి నీటి లోతును పెంచుతున్నాను, జానెడు, తరువాత రెండు జానలు. ఆదివారం బేక్ పెడతాను. ఈసారి ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్ళు పోసి మరీ.